పద్నాలుగేళ్లవాడు పుస్తకం ముట్టడం లేదు, కరికులం మార్చమంటారా?

ప్రశ్న:

మా బాబుకి 14, పాపకి 11. రెండేళ్లుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాను. మొదట్లో బాగా విచారించి, కథల పుస్తకాల మీద నడిచే కరికులం ఒకటి తీసుకున్నాను. అందులో చరిత్రకి పాఠ్యపుస్తకం ఉండదు. ఆ కాలం గురించిన నవలలు, జీవిత చరిత్రలు చదివించాలి. సైన్సూ దాదాపు అంతే. ఏడాదికి 24 పుస్తకాలు, ఏ వారం ఎన్ని పేజీలు చదవాలో ముందే రాసిన షెడ్యూలు. చూడగానే ముచ్చటేసింది. నా చిన్నప్పుడు నాకెవరైనా ఇలా చెప్పి ఉంటే ఎంత బావుండేదో అనుకున్నాను.

పాప తనవి పూర్తి చేసి అన్నయ్య పుస్తకాలు కూడా చదివేస్తోంది. బాబు మాత్రం ముట్టడు. ఇప్పుడున్న నవలలో 31వ పేజీ దగ్గర గుర్తు పెట్టి 19 రోజులైంది. అది అక్కడే ఉంది. చదివావా అంటే "ఆ" అంటాడు. కథ చెప్పమంటే వెనక అట్ట మీద ఉన్న నాలుగు ముక్కలు చెప్తాడు. ఇంకొంచెం అడిగితే లేచి వెళ్లిపోతాడు.

తెలివికి లోటు లేదండీ. పాత సైకిల్ని విప్పి మళ్లీ బిగించాడు. పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక పళ్లచక్రానికి 11 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక టైరు నాలుగు చుట్లు ఎందుకు తిరుగుతుందో చెల్లిని కూర్చోబెట్టి చెప్పాడు. రాత్రి నేను పైకి చదువుతుంటే కదలకుండా వింటాడు. వాడు మధ్యలో అడిగే ప్రశ్నలు నాకు తట్టవు కూడా.

రెండు తరగతులు కిందివారికని రాసిన పుస్తకం తెచ్చి చూశాను. అట్ట చూసి "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పెట్టాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇంకో రెండేళ్లలో పరీక్షలు రాయాలి. అప్పుడు చదవక తప్పదు కదా. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఇంట్లోవాళ్లు రోజూ అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. కరికులం మొత్తం మార్చాలా? ఏ పుస్తకాలు తేవాలి?

జవాబు (ఆరేళ్లుగా ఇంట్లో చదివిస్తున్న నాన్న):

కొత్త కరికులం ఇప్పుడే కొనకండి. మా పెద్దమ్మాయి విషయంలో నేను ఒకే ఏడాదిలో మూడు మార్చాను. ప్రతిసారీ మొదటి రెండు వారాలు బావుంటుంది, మూడో వారం మళ్లీ అదే గొడవ. పాపం, మొదటిది అర్థమయ్యేలోపే తను రెండోదానికి అలవాటు పడాల్సి వచ్చేది.

మీరు తీసుకున్నది మంచి పద్ధతే. కానీ చదవడమంటే ఇష్టంలేని పిల్లలకి అందులో ఒక చిక్కుంది. చరిత్ర, సైన్సు, భాష, అన్నీ చదవడం మీదే నిలబడతాయి. చదవడం ఆగితే వాడికి వచ్చిన విషయాలు కూడా ఆగిపోతాయి. మీ అబ్బాయికి చరిత్ర రాదని కాదు, చరిత్ర దగ్గరికి వెళ్లే దారి ఒక్కటే ఉంచాం, ఆ దారిలో వాడి కాలు నొప్పిపుడుతోంది. నొప్పి ఉన్న కాలిమీదే బరువంతా వేస్తున్నాం.

నేనైతే ఇలా చేస్తాను. ఆ 24 పుస్తకాల్లో ఆరు ఉంచండి, మిగతావి తీసేయండి. చరిత్ర ఆడియోలో వినిపించండి, లేదా మీరే చదివి వినిపించండి. డాక్యుమెంటరీలు, మ్యాపులు, బొమ్మలున్న పుస్తకాలు కలపండి. లెక్కలు, సైన్సు వాడి వయసు స్థాయిలోనే సాగనివ్వండి. కరికులం పెట్టెమీద ఏ తరగతి అని రాసి ఉందో అన్నీ ఆ తరగతివే చేయాలని లేదు. లెక్కలు పై తరగతివి, భాష కింది తరగతిది తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బడి బయట చదివించడంలో ఉన్న పెద్ద సుఖం అదే కదా.

పుస్తకం అయ్యాక పది ప్రశ్నల వర్క్‌షీట్ కూడా ఆపేయండి. షార్లెట్ మేసన్ (1842–1923) అనే ఇంగ్లిష్ విద్యావేత్త పద్ధతి ఒకటుంది. ఒక భాగం ఒక్కసారి చదవడం లేదా వినడం, తర్వాత పిల్లవాడు తనకి గుర్తున్నది తన మాటల్లో చెప్పడం. అంతే. మధ్యలో దిద్దకూడదు. మీవాడు గేర్ల గురించి చెల్లికి చెప్పాడంటే ఆ పని వాడికి ముందే వచ్చు.

జవాబు (చదవడం కష్టమైన పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్):

పైన చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ పుస్తకాల దగ్గరికి వెళ్లే ముందు ఒకటి తేల్చుకోండి. చదవలేకపోతున్నాడా, చదవాలని లేదా? పద్నాలుగేళ్ల వయసులో ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రాదని ఒప్పుకోవడం కంటే ఇష్టం లేదని చెప్పడం ఆ వయసు పిల్లలకి తేలిక.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాల్ని మాటలుగా పలకగలగడం, మాట వింటే అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటినీ గుణించడం అని. కూడడం కాదు, గుణించడం. ఒకటి సున్నా దగ్గర ఉంటే రెండోది ఎంత ఉన్నా లాభం లేదు. మీరు చదివితే మీవాడు విని మంచి ప్రశ్నలు అడుగుతున్నాడంటే రెండో భాగం నిండుగా ఉంది. కాబట్టి మొదటిది చూడాలి.

పాప పక్కన లేనప్పుడు, వాడు ఎప్పుడూ చూడని పుస్తకంలోంచి వంద మాటలున్న పేరా ఒకటి పైకి చదవమనండి. ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి. దిద్దకండి. తప్పిన మాటలు, దాటేసిన మాటలు గుర్తుపెట్టుకోండి. వందలో పది మాటలు తప్పాడంటే ఆ పుస్తకం ఒంటరిగా చదవమని ఇవ్వకూడదు. తెలుగులో ఒత్తుల దగ్గర, పొడుగు మాటల దగ్గర కూడబలుక్కుంటున్నాడేమో చూడండి. వరస తప్పిపోతున్నాడా, వేలు పెట్టుకుంటున్నాడా, పుస్తకాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుతున్నాడా?

కంటి డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. దూరంగా ఉన్న బోర్డు చదివించే పరీక్షలో అంతా బావున్నట్టే రావచ్చు. దగ్గర చూపులో రెండు కళ్లూ ఒకే చోట నిలవని సమస్య ఆ పరీక్షలో బయటపడకపోవచ్చు. దగ్గరి చూపు పరీక్షించమని మీరే అడగండి.

ఆడియో విషయంలో ఒక్కమాట. ఆడియో పాఠం వెనకబడకుండా కాపాడుతుంది, చదవడం మాత్రం నేర్పదు. ఆడియో ఒక్కటే పెట్టి రెండేళ్లు గడిపిన పిల్లలు నా దగ్గరికి వస్తారు. విషయాలు బోలెడు తెలుసు, చదవడం అక్కడే ఉంటుంది. అది వేరేగా, రోజూ కాసేపు, నేర్పాల్సిందే.

ప్రశ్న అడిగిన అమ్మ:

నిన్న చేశానండీ. పాపని పక్కింటికి పంపించాను.

ఇంగ్లిష్ పేరాలో 13 మాటలు తప్పాయి. చిన్న చిన్న మాటలు దాటేస్తున్నాడు. పొడుగు మాట వస్తే మొదటి రెండు అక్షరాలు చూసి మిగతాది ఊహించి పలుకుతున్నాడు. రెండుసార్లు ఒక వరస వదిలేసి కింది వరసలోకి వెళ్లాడు. తెలుగు కొంచెం నయం, కానీ ఒత్తులున్న ప్రతి మాట దగ్గరా ఆగాడు. అయిపోయాక కళ్లు నులుముకుని "తలనొప్పి అమ్మా" అన్నాడు. ఎప్పటినుంచి అని అడిగితే "ఎప్పుడూ అంతే కదా" అన్నాడు. అందరికీ చదివితే తలనొప్పి వస్తుందనుకుంటున్నాడు వాడు.

రాత్రి చాలాసేపు ఏడ్చాను. రెండేళ్లు నా కళ్ల ముందే ఉన్నాడు. బడి మాన్పించింది వాడిని దగ్గరుండి చూసుకోవాలనే. బద్ధకం అని ఎన్నిసార్లు అన్నానో.

జవాబు (టీచర్):

వాడికి ఆ మాట చెప్పేయండి. "నువ్వు బద్ధకస్తుడివని అన్నాను, తప్పు నాది, నీకు ఇది నిజంగా కష్టమని నాకు తెలియలేదు" అనండి. ఆ వయసు పిల్లలు ఆ ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

కంటి పరీక్షతో పాటు డిస్‌లెక్సియా (అక్షరాల్ని మాటలుగా చదవడంలో ఉండే ఇబ్బంది) కోసం కూడా నిపుణుల చేత పరీక్ష చేయించండి. రెండూ వేరు వేరు. కంటి సమస్య సరిచేస్తే తలనొప్పి తగ్గుతుంది, డిస్‌లెక్సియా ఉంటే అది కంటి వ్యాయామాలతో పోదు. డిస్‌లెక్సియాకి తెలివితో సంబంధం లేదు. పద్నాలుగేళ్లకి ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. మాటని ముక్కలుగా విడదీసి చదవడం ఏ వయసులోనైనా నేర్పొచ్చు. పెద్ద పరీక్షల్లో ఇలాంటి పిల్లలకి అదనపు సమయం ఇచ్చే ఏర్పాట్లు చాలాచోట్ల ఉంటాయి. వాటికి నిపుణుల రిపోర్టు కావాలి, అందుకే వాయిదా వేయకండి.

ఈలోపు రోజుకి 15 నిమిషాలు చాలు. వంద, నూటయాభై మాటల పేరా. ముందు మీరు చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత వాడు. అదే పేరా మూడు నాలుగు రోజులు. ఒకే పేరా మళ్లీ మళ్లీ చదివించే ఈ పద్ధతి గురించి జే సామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో రాశారు, ఇప్పటికీ మేం వాడతాం. పేరా మాత్రం వాడికి పనికొచ్చేది అయ్యుండాలి. సైకిల్ బ్రేకులు సరిచేసే పేజీ అయినా సరే.

జవాబు (ఒకప్పుడు ఇలాగే ఉన్న అబ్బాయి, ఇప్పుడు వయసు 23):

నమస్తే మేడమ్. మీ అబ్బాయి గురించి చదువుతుంటే నా గురించే చదువుతున్నట్టుంది.

పెద్దవాళ్లెవరూ గమనించని విషయం ఒకటి చెప్తాను. మన భాషలో పాఠాలు నేర్చుకోవడానికీ, కథ చదువుకోవడానికీ ఒకటే మాట. "పోయి చదువుకో" అని మా అమ్మ అన్నప్పుడల్లా నాకు పరీక్ష, మార్కులు, తిట్లు ఇవే కనిపించేవి. కథల పుస్తకం చేతికిచ్చి "చదువు" అన్నా అవే కనిపించేవి. మీ ఇంట్లో కథల పుస్తకమే పాఠం కాబట్టి వాడికి తప్పించుకునే చోటే లేదు. అందుకని మీ షెడ్యూలుతో సంబంధం లేని పుస్తకాలు కొన్ని ఇంట్లో ఉండాలి. వాటి గురించి ఎవరూ ఏమీ అడగకూడదు. సగంలో వదిలేసినా ఎందుకని అడగకూడదు.

ఎలాంటివో కూడా చెప్తాను, పేర్లు కాదు, ఎందుకంటే నాకు నచ్చినవి వాడికి నచ్చాలని లేదు. అధ్యాయాలు మూడు నాలుగు పేజీలకి మించకూడదు. అధ్యాయం అయిపోతే గెలిచినట్టుంటుంది. అక్షరాలు మరీ చిన్నవి కాకుండా, వరసల మధ్య ఖాళీ ఉండాలి. పుస్తకం సన్నగా ఉండాలి. నా వయసు మనిషి గురించి అయ్యుండాలి, పదేళ్ల పిల్ల గురించి కాదు. పెద్ద పిల్లల విషయాన్ని తేలిక వాక్యాల్లో చెప్పే పుస్తకాల్ని ఇంగ్లిష్‌లో హై-లో బుక్స్ అంటారు. ఆ పేరుతో వెతికితే దొరుకుతాయి. అట్ట చూస్తే చిన్నపిల్లల పుస్తకంలా ఉండదు, అదే వాటిలో గొప్ప. కామిక్స్, బొమ్మల నవలలు, వచన కవితలా చిన్న వరసల్లో రాసిన నవలలు, సాహసయాత్రలు చేసినవాళ్ల డైరీలు, ఇంటర్వ్యూలు. రిపేరు మాన్యువల్ కూడా పుస్తకమే. నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన మొదటి పుస్తకం రేడియో సర్క్యూట్ల గురించి. అప్పుడు నాకు 15. ఆ పుస్తకం అయిపోయిన రాత్రి అది దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

ఇంకోటి. రాత్రి మీరు చదివి వినిపించడం ఆపకండి. పెద్దవాడయ్యాడని మా అమ్మ 12కే ఆపేసింది. నేను అడగలేకపోయాను.

ప్రశ్న అడిగిన అమ్మ, ఏడు వారాల తర్వాత:

ముందు చెప్పాల్సింది కంటి పరీక్ష గురించి. దగ్గరవి చూసేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరిగి ఒక చోట నిలవడం లేదట. కాసేపటికి అక్షరాలు రెండుగా కనిపిస్తాయట. "పేజీలో అక్షరాలు కదులుతాయా?" అని డాక్టర్ అడిగితే వాడు నా వైపు చూసి "మీకు కదలవా?" అన్నాడు. వ్యాయామాలు ఇచ్చారు, చేస్తున్నాడు. తలనొప్పి తగ్గింది. డిస్‌లెక్సియా పరీక్ష వచ్చే వారం.

కరికులం మార్చలేదు. పుస్తకాలు ఆరుకి తగ్గించాను. చరిత్ర ఇద్దరికీ కలిపి నేనే చదువుతున్నాను, తర్వాత వాడు చెప్తాడు, నేను నోరు మెదపకుండా వింటాను. అలా ఆగడం నాకే కష్టంగా ఉంది. 31వ పేజీలో గుర్తున్న నవలని అల్మారాలో పైన పెట్టేశాం. అది అక్కడే ఉండొచ్చని వాడితో చెప్పాను.

బద్ధకం అన్నందుకు తప్పు నాదేనని కూడా చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున 15 నిమిషాల పనికి నేను పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

వంద మాటల పేరాలో ఇప్పుడు తప్పులు 13 నుంచి 8కి వచ్చాయి. తెలుగులో ఒత్తులున్న మాటలు వాడే ఒక కాగితం మీద రాసుకుంటున్నాడు. సైకిల్ మాన్యువల్ గేర్ల భాగం తొమ్మిది పేజీలు, పూర్తిచేశాడు. మొన్న అందులో ఒక బొమ్మకీ దాని కింద రాసినదానికీ పొంతన లేదని పట్టుకుని నాకు చూపించాడు. నేను రెండుసార్లు చదివితే గానీ నాకు తెలియలేదు. నిజంగానే తప్పు.

టీచర్ గారూ, ఒక్క సందేహం. ఒకే పేరాని నాలుగో రోజు చదివేటప్పుడు చూడకుండా అప్పజెప్పేస్తున్నాడు. అప్పుడు పేరా మార్చేయాలా, మధ్యలోంచి మాటలు చూపించి అడగాలా?

జవాబు (టీచర్):

మధ్యలోంచి అడగండి, వరస కలిపేసి. ఆ మాటలే ఉన్న కొత్త వాక్యాలు మీరు నాలుగు రాసివ్వండి. అవి గబగబా చదివేస్తే పేరా మార్చేయండి. డిస్‌లెక్సియా పరీక్షకి వెళ్లేటప్పుడు వాడు రాసుకున్న ఆ ఒత్తుల కాగితం తీసుకెళ్లండి. ఏ మాటల దగ్గర ఆగుతున్నాడో వాళ్లకి అది చూస్తే తెలుస్తుంది.