ఆరు ఆదివారాలకు మూడు వేలు: కుమ్మరి సారె క్లాసులు దండగేనా?

టవర్‌క్లాక్: అనంతపురంలో మా ఇంటి దగ్గర ఒక స్టూడియోలో మట్టిపని క్లాసులు పెట్టారు. కరెంటు సారె, ఆరు ఆదివారాలు, మూడు వేలు. రెండు క్లాసులైనా ముద్దను సారె నడిమధ్యకు తేవడమే రాలేదు. మోచేతులు తొడలకు ఆనించి అదిమి పట్టినా చేతుల్లో ఎగిరెగిరి పడుతుంది. కానీ ఆ రెండు గంటలు ఆఫీసు టెన్షన్ గుర్తుకు రాదు. ఇంట్లో మాత్రం డబ్బు దండగ అంటున్నారు. మానేయాలా?

గుత్తి దారి: మానేయండి. కాల్చడానికి వేరే డబ్బు తీసుకుంటారు, అది ముందు చెప్పరు. మా పాప వేరే ఊళ్లో ఇలాగే నేర్చుకుంటూ కప్పు చేసింది. ఆవంలో పగిలిందని ముక్కలు కవర్లో వేసి ఇచ్చారు. కాల్చిన డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. రెండు రోజులు ఏడ్చింది పిల్ల.

మట్టిచేతులు: పగలడం మోసం కాదండీ. లోపల తడి మిగిలితే మంటకు ఆవిరై పగలగొడుతుంది. మన ఎండలకు అంచు ముందే ఎండిపోతుంది, అడుగు పచ్చిగానే ఉంటుంది. కవరు కప్పి నీడలో నిదానంగా ఆరనివ్వాలి. నా మొదటి నాలుగు గిన్నెలూ అలాగే పోయాయి.

గుత్తి దారి: పగిలినందుకు కాదు. డబ్బు సంగతి ముందు చెప్పారా లేదా?

పాతూరు: స్విచ్ వేస్తే తిరిగేది సారె ఎలా అవుతుంది? మా నాన్న కుమ్మరి. బరువైన సారెను కర్రతో తిప్పి, ఆ వేగం తగ్గేలోపు ముంత చేసి దారంతో కోసి దించేవాడు.

మట్టిచేతులు: అన్నా, కరెంటు సారెలను ఖాదీ కమిషనే 2018 నుంచి కుమ్మరులకు ఇస్తోంది. నడుము కాపాడుకుంటే తప్పా?

పాతూరు: నడుము సంగతి నాకు చెప్పొద్దు. మా నాన్న నిటారుగా నిలబడి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు. సారె మీద అయ్యేది సగం పనే. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ కుండకు పొట్ట తేవాలి. ఆ కొట్టుడు మీ స్టూడియోలో ఒక్కరికైనా వచ్చా?

మట్టిచేతులు: రాదు. మేం చేసేవి కప్పులు, గిన్నెలు. గాజు పూత వేసి 1200 డిగ్రీల పైన కాలుస్తాం. నీళ్ల కుండకు ఆ పూత వేస్తే చెమర్చదు, చెమర్చకపోతే నీళ్లు చల్లబడవు. రెండూ వేరు వేరు పనులు.

కోర్టు రోడ్డు: పాతూరు అన్నా, 2023లో వచ్చిన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో కుమ్మరం కూడా ఉంది. రోజుకు 500 ఇచ్చి ట్రైనింగ్ ఇస్తారు. నాన్నగారితో అప్లై చేయించండి.

పాతూరు: ట్రైనింగా? యాభై ఏళ్లు సారె తిప్పిన మనిషికి ఎవరు ఏం నేర్పుతారు? అందరూ ఆయనకు నేర్పేవాళ్లే. మీ స్టూడియో లాంటి చోటికే పోయినేడు నేను వెళ్లి ఆయన గురించి చెప్పాను. ఒక రోజు రమ్మనండి, పిల్లలు ఫొటోలు తీసుకుంటారు అన్నారు. క్లాసు చెప్పడానికి రమ్మనలేదు. చిన్నప్పుడు నా గోళ్లలో మట్టి చూసి బడిలో నా పక్కన కూర్చునేవాళ్లు కాదు. అదే మట్టి ఇప్పుడు మీకు మనశ్శాంతి ఇస్తోంది. ఇస్తే మంచిదే, నేను కాదనను. నేర్పే కుర్చీలో మా నాన్న ఎందుకు లేడు, అదొక్కటే నా ప్రశ్న.

గుత్తి దారి: నా ప్రశ్నకు కూడా ఎవరూ జవాబు చెప్పలేదు.

టవర్‌క్లాక్: అన్నా, మీ నాన్నగారు ఇంటి దగ్గర నేర్పుతారా? స్టూడియోకు కట్టినంతా ఆయనకే ఇస్తాను.

పాతూరు: అడగాలి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పాతూరు: (మర్నాడు) అడిగాను. నెల రోజులు మట్టి తొక్కాలి, రాళ్లు ఏరాలి, ఆ తర్వాతే సారె ముట్టనిస్తా అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు.

మట్టిచేతులు: ఆ కొట్టుడు కోసం నేనూ వస్తాను. కానీ నెల రోజులు మట్టి తొక్కమంటే ఉద్యోగాలు చేసేవాళ్లలో ఎందరు మిగులుతారన్నా? మొదటి రోజే సారె ముట్టుకోనిచ్చారు కాబట్టే నేను ఈ పనిలో నిలిచాను.

టవర్‌క్లాక్: మిగతా నాలుగు ఆదివారాలు స్టూడియోకే వెళ్తాను, డబ్బు కట్టేశాను కదా. ఆ తర్వాత తొక్కుతాను. అడ్రస్ మెసేజ్‌లో పెట్టండన్నా.