సంత్రా జ్యూస్ కంటే ఆలుగడ్డే నయమా?

కొత్తకోడలు_నల్లగొండ: మా అత్తమ్మకు జ్వరం తగ్గింది గానీ నీరసం పోలేదు. రోజూ సంత్రా జ్యూస్ ఇస్తున్నా. మా మరిదేమో "దానికంటే ఉడకబెట్టిన ఆలుగడ్డ నయం వదినా" అంటున్నాడు. నిజమేనా?

పాలమూరు_సారు: నిజమే చెల్లె. తొక్కతో ఉడికించిన ఆలుగడ్డ 100 గ్రాముల్లో పొటాషియం 380 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. జ్యూస్‌లో 200. పీచు, ప్రోటీన్ కూడా ఆలుగడ్డలోనే ఎక్కువ. జ్యూస్‌లో పీచు లేనట్టే.

హాలియా_తోట: విటమిన్ సి సంగతి దాటేశారేం సార్? జ్యూస్‌లో 50 మిల్లీగ్రాములు, మీ ఆలుగడ్డలో 13. తొక్క తీసి ఉడికిస్తే ఏడుకు పడిపోతుంది. మిగతాది నీళ్లతో పాటు మోరీలోకే.

పాలమూరు_సారు: తొక్కతో అని రాశాను. మళ్లీ చదవండి.

హాలియా_తోట: తొక్కతో ఎవరు తింటారు సార్? ఒలుస్తారు, కుక్కర్‌లో పెడతారు, పోపేస్తారు.

పేట_నైట్‌డ్యూటీ: మేం చిన్న గడ్డలు తొక్కతోనే వేపుతాం.

హాలియా_తోట: వేపుడు గురించి ఎవరడిగారన్నా?

గద్వాల_అక్క: 100 గ్రాముల జ్యూస్ ఎవరు తాగుతారు? గ్లాసంటే 200. అప్పుడు పొటాషియం ఆలుగడ్డతో సమానమే. కాకపోతే చక్కెర 16 గ్రాములు దాటుతుంది. అత్తమ్మకు షుగర్ ఉందా?

కొత్తకోడలు_నల్లగొండ: లేదక్కా, బీపీ ఒక్కటే.

పాలమూరు_సారు: బీపీకి పొటాషియం మంచిదే. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఏదీ పెంచొద్దు. ఇక తోటలున్నవాళ్లు జ్యూసే గొప్ప అనక ఏమంటారు?

హాలియా_తోట: నాది బత్తాయి తోట. సంత్రా నాగపూర్ సరుకు, అది అమ్ముడైతే నాకొచ్చేదేంటి? పోయిన కాపుకు కాయ బాగున్నా వ్యాపారి టన్నుకింత తరుగు తీసుకున్నాడు. ఆ మంట మీద మీరొకరు!

పాలమూరు_సారు: మీ మంట నామీదెందుకు? నేను హాస్టల్లో చదివినవాణ్ణి. పండు ముఖం చూసింది సెలవులకు ఇంటికొచ్చినప్పుడే. మమ్మల్ని నిలబెట్టింది ఆలుగడ్డ కూర. జ్యూస్ తాగకపోతే బలం లేదన్నట్టు ఎవరైనా మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

హాలియా_తోట: అదే సార్ నేననేది! "ఆలుగడ్డలో అన్నీ ఉన్నాయి" అనుకునే కదా మీకు పండు పెట్టలేదు? పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. మా కాయ ధర లేక తోటలోనే రాలిపోతుంటే, పక్క ఊరి హాస్టల్లో పిల్లలకు తొన కూడా అందదు.

పాలమూరు_సారు: పండు వద్దని నేనెక్కడన్నాను? మెస్‌కు ఇచ్చే డబ్బుల్లో రోజూ పండు కొనండి చూద్దాం. కొనలేనివాళ్లకు మీ తిండి తక్కువరకం అని చెప్పొద్దంటున్నా.

హాలియా_తోట: ఆ డబ్బులు పెంచమని అడగాలి గానీ, ఆలుగడ్డతో సర్దుకోమంటారా?

కొత్తకోడలు_నల్లగొండ: అన్నలూ, ఇంతకీ రేపు ఏం పెట్టమంటారు?

గద్వాల_అక్క: అన్నంలోకి ఆలుగడ్డ కూర, సాయంత్రం బత్తాయి తొనలు. జ్యూస్ తీయొద్దు, పీచు పోతుంది.

పాలమూరు_సారు: కూర తొక్కతో.

పేట_నైట్‌డ్యూటీ: గడ్డ పచ్చబడితే మాత్రం వద్దు చెల్లె, అందులో సొలనిన్ అనే విషం ఉంటుంది. పడేయడమే.