బౌద్ధ విహారాల్లో భోజనం చీట్లు పంచే భిక్షువు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మాది కడప. మా వీధి గుడిలో అన్నదానం రోజున టోకెన్లు ఇచ్చే పని నాదే. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదగ్గరే గొడవలొస్తాయి. పోయిన నెలలో ఒక పెద్దాయన టోకెన్ అందక తినకుండానే వెళ్లిపోయారు, ఆ బాధ ఇంకా పోలేదు.

నందలూరు దగ్గర చెయ్యేటి ఒడ్డున బౌద్ధ స్తూపాలు చూసొచ్చాక భిక్షువుల నియమాలు చెప్పే బౌద్ధ గ్రంథం వినయపిటకం గురించి చదవడం మొదలుపెట్టాను. అందులో భోజనాలు కేటాయించే భిక్షువును భత్తుద్దేశకుడు అంటారు. దాతల ఇళ్లకు ఎవరెవరు వెళ్లాలో శలాకలు, అంటే చీట్లు, కలిపి తీసి చెప్పేవాడట. బస చూపడానికి ఒకరు, కొట్టుగదికి భాండాగారికుడు, గంజి పంచడానికి ఇంకొకరు. సూదులు, కత్తెరల లాంటి చిన్న వస్తువులు ఇవ్వడానికి కూడా ఒక మనిషి! వీళ్లను సంఘమంతా కూర్చుని ఒప్పుకుని నియమించేది. పక్షపాతం, ద్వేషం, మోహం, భయం ఉండకూడదు, ఎవరికి ఇచ్చిందీ ఎవరికి ఇవ్వనిదీ తెలిసుండాలి. ఈ చివరి అర్హత నాకు సూటిగా తగిలింది.

దయచేసి రెండు విషయాలు చెప్పండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు భోజనం ఎలా కేటాయించేవాళ్లు? ఈ పని ఒకరే ఎంతకాలం చేసేవాళ్లు, మార్చేవాళ్లా? శ్రీలంక, బర్మా విహారాల్లో ఉండి చూసినవాళ్లు ఇప్పటి పద్ధతి చెప్పినా చాలు. పాళీ నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకం ఉంటే పేరు రాయండి, కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో వెతుక్కుంటాను.