అప్‌డేట్: కుండీలో మొలిచింది నేల ఉసిరి కాదు

తిరుపతిలో మా మేడ మీద కుండీలో దానంతటదే మొలిచిన మొక్క నేల ఉసిరేనా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. "కాడ తుంచి చూడండి" అన్న సలహాతోనే చిక్కు విడింది. తుంచగానే తెల్లని పాలు చుక్క కట్టాయి. నేల ఉసిరికి పాలు రావు.

తెలిసిన వృక్షశాస్త్ర అధ్యాపకురాలు భూతద్దంతో చూసి, ఇది రెడ్డివారి నానుబాలు, అంటే యుఫోర్బియా హిర్టా అని తేల్చారు. ఎదురెదురు ఆకులు, ఒక పక్కకు ఒరిగిన ఆకు మొదలు, కణుపుల్లో గుత్తులు. గుత్తిలో నేను పువ్వనుకున్నది చిట్టి గిన్నెలో ఒదిగిన పూల గుంపట! నడుమ ఒకే ఆడపువ్వు, చుట్టూ ఒక్కో కేసరమే ఉన్న మగపువ్వులు.

కాడ ఎర్రగా ఉంది కదా, ఇది నేల ఉసిరేనా కాదా అని అప్పుడు మనం చేసిన వాదనంతా దండగే. అన్నట్టు, నేల ఉసిరి ఇప్పుడు నానుబాలు ఉండే ఆముదం కుటుంబంలోనే లేదు. దాన్ని ఫిల్లాంథేసీ అనే వేరే కుటుంబంలోకి మార్చారు.