నెల్లూరులో బస్సు మారాలంటే ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎక్కాలి?

కర్నూలురోడ్డు_ఒంగోలు: అమ్మకు 65 ఏళ్లు. ఒంగోలు నుంచి ఆత్మకూరు పోయి, రెండు రోజులాగి చెన్నై పోవాలి. ఒక్కతే పోతుంది. నెల్లూరులో ఎక్కడ మారాలి?

పెన్నాగట్టు: ఆత్మకూరు, ఉదయగిరి వైపు బస్సులకు ఆత్మకూరు బస్టాండుకు పోవాలన్నా. చెన్నై, తిరుపతి బస్సులు పెద్ద బస్టాండులో. మద్రాసు బస్టాండు అని ఇంకోటి వినబడుతుంది, అది పేరుకే. చెన్నై బస్సు కోసం ఆటో అక్కడికి కట్టించుకోవద్దు.

అయ్యప్పగుడి_సెంటర్: విజయవాడ నుంచి వచ్చే దూరం బస్సులు కొన్ని ఊళ్లోకి రావు, బైపాస్‌లోనే దించేసి పోతాయి. టికెట్‌లో దిగే చోటు బస్టాండా, బైపాస్‌లోని అయ్యప్పగుడా చూసి మరీ బుక్ చేయండి. రాత్రిపూట పెద్దావిడకు బైపాస్ వద్దు. ఒంగోలులోనే బయలుదేరే బస్సయితే సీటూ దొరుకుతుంది. పైనుంచి వచ్చేవి నిండి వస్తాయి.

కర్నూలురోడ్డు_ఒంగోలు: ఆర్టీసీలో ఆడవాళ్లకు ఇచ్చే స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఏ బస్సుల్లో వర్తిస్తుంది?

టిమ్ముమిషన్: 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లలో. నాన్‌స్టాప్ బోర్డు ఉంటే చెల్లదు, సూపర్ లగ్జరీలో చెల్లదు, చెన్నై లాంటి అంతర్రాష్ట్ర సర్వీసుల్లోనూ చెల్లదు. గుర్తింపు కార్డులో అడ్రసు ఆంధ్రదై ఉండాలి. ఉచితమే కదా అని ఊరికే కూర్చోకూడదు, జీరో టికెట్ కొట్టించుకోవాలి, చెకింగ్‌లో అడుగుతారు.

పెన్నాగట్టు: ఒంగోలు-నెల్లూరు 120 కిలోమీటర్లు పైచిలుకు. ఎక్స్‌ప్రెస్‌లో నిలబడాల్సి వస్తే ఆ వయసుకు కష్టం. నన్నడిగితే సూపర్ లగ్జరీకి డబ్బు పెట్టడమే మేలు. 60 దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఎట్టాగూ ఉంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడే సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవాలి, వయసు తెలిసే కార్డు చేతిలో ఉండాలి. నెల్లూరు-ఆత్మకూరు మాత్రం ఉచిత బస్సు చాలు, బుచ్చి, సంగం మీదుగా పోతుంది.

సూళ్లూరుపేట_లోకల్: చెన్నైలో కోయంబేడు అనుకోవద్దు. 2018 అక్టోబరు నుంచి మన బస్సులు మాధవరం టెర్మినస్‌కే. తీసుకెళ్లేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. రెడ్‌హిల్స్ దాటగానే ఫోన్ చేయమనండి. సామాను తక్కువైతే సూళ్లూరుపేటలో దిగి లోకల్ రైలు పట్టుకోవచ్చు, కానీ ఆమెకు మెట్లెక్కే ఓపిక ఉంటేనే.

కర్నూలురోడ్డు_ఒంగోలు: రైలు వద్దులెండి, మోకాళ్ల నొప్పులు. మాధవరానికే బుక్ చేస్తా.