గ్రేట్ డేన్ పిల్లని రెండు చిన్న కుక్కలతో కలిపి పెంచుతున్నాం, భయం మొదలైంది

ప్రశ్న

అందరికీ నమస్తే. మా ఇంట్లో ముందు నుంచీ రెండు చిన్న కుక్కలు ఉన్నాయి. చిట్టి 9 ఏళ్ల పొమేరేనియన్, 3 కిలోలు కూడా ఉండదు. బన్ను 4 ఏళ్ల డాక్స్‌హుండ్, 8 కిలోలు. మూడు నెలల కిందట ఒక గ్రేట్ డేన్ మగపిల్లని తెచ్చుకున్నాం, పేరు భీముడు. తెచ్చిన రోజు వాడు బన్ను అంతే ఉన్నాడు, ఇద్దరూ ఒకే పరుపు మీద పడుకునేవాళ్లు. ఇప్పుడు వాడికి 5 నెలలు, నిన్న తూకం వేస్తే 34 కిలోలు.

వాడు చాలా మంచివాడు. ఇంతవరకు ఎవరినీ కరవలేదు, ఎవరి మీదా గుర్రుమనలేదు. కానీ పోయిన వారం నేను బయటి నుంచి రాగానే మూడూ ఒకేసారి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి, ఆ సంబరంలో భీముడు పంజా ఎత్తి బన్ను నడుము మీద వేశాడు. బన్ను కెవ్వుమని అరిచి పారిపోతుంటే వీడు ఆగలేదు, వెంటపడ్డాడు. వాడు సోఫా కిందకి దూరాడు కాబట్టి సరిపోయింది. రెండు రోజులు వీపు ముట్టుకోనివ్వలేదు. వెట్‌కి చూపించాం, ఈసారికి ఏమీ కాలేదు, కానీ డాక్స్‌హుండ్ నడుము విషయంలో ఇలాంటివి మళ్లీ జరగనివ్వద్దని గట్టిగా చెప్పారు.

ఇంకో సంగతి. భీముడు దగ్గరికి వస్తే చాలు చిట్టి గుర్రుమంటోంది. మావారు దాన్ని కసురుతున్నారు, "చిన్నపిల్లాడి మీద అరుస్తావా" అని.

వీళ్లు ముగ్గురూ ఒకే ఇంట్లో క్షేమంగా ఉండగలరా? భీముణ్ణి ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలు అంటున్నారు, ఆ మాట వింటేనే ఏడుపొస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు 1 (డేన్, పగ్ కలిసి ఉన్న ఇల్లు, 6 ఏళ్లుగా)

ఉండగలరండీ. మా ఇంట్లో ఉంటున్నారు. కానీ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి, వాడు మంచివాడా కాదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. మగ గ్రేట్ డేన్ పూర్తిగా ఎదిగితే 63 నుంచి 79 కిలోల దాకా ఉంటుంది. అంటే మీ చిట్టి కంటే 20 రెట్లకు పైగా. అంత బరువున్న జీవి ప్రేమతో కాలు వేసినా, పడుకోబోతూ చూసుకోకుండా మీద కూలబడినా చిన్నదానికి ఎముక విరుగుతుంది. వాడికి ఒంటి పెరుగుదల ఆగేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది, బుద్ధి కుదురుకోవడానికి అంతకంటే ఎక్కువ కూడా పట్టొచ్చు. ఈ మధ్యకాలం అంతా మీ ఇంట్లో ఒళ్లు పెద్దది, బుర్ర పసిది.

మేం చేసింది చెప్తాను. ఇంటిని రెండుగా విడగొట్టాం. హాల్‌కీ లోపలి గదికీ మధ్య పొడుగు గేట్ బిగించాం, దాని అడుగున పగ్ మాత్రమే దూరగలిగే చిన్న తలుపు ఉంది. మా పగ్‌కి ఎప్పుడు చిరాకేస్తే అప్పుడు అందులోంచి అవతలికి వెళ్లిపోతుంది, డేన్ వెళ్లలేడు. ఈ ఒక్కటీ చేశాక సగం టెన్షన్ పోయింది, ఎందుకంటే తప్పించుకునే దారి ఉందని తెలిసిన చిన్న కుక్క అంతగా భయపడదు, భయపడని కుక్క కెవ్వుమని పరుగెత్తదు. సోఫా కింద దూరడాన్ని దారి అనుకోకండి. ఇంకో మూడు నెలలకి భీముడు ఆ సోఫాని పక్కకి నెట్టేయగలడు. చిట్టిని ఎత్తైన చోట పెడితే చాలు అని కూడా అనుకోవద్దు, డేన్ తల డైనింగ్ టేబుల్ పైదాకా వస్తుంది, పైగా పొమేరేనియన్ కంగారులో కిందకి దూకితే కాలు విరగడం మామూలు విషయం.

ఇక తలుపు దగ్గర జరిగింది. కుక్కలు ఎక్కువగా అదుపు తప్పేది సంబరంలోనే. మనం రావడం, బెల్ మోగడం, తిండి గిన్నె చప్పుడు, లీష్ చేతిలోకి తీసుకోవడం, ఇవన్నీ మూడూ ఒకచోట గుమిగూడే సమయాలు. మా డేన్‌కి బెల్ మోగితే తన పరుపు మీదకి వెళ్లి కూర్చోవడం నేర్పాం. నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది, రోజుకి అయిదు నిమిషాలే, కానీ ఒక్క రోజు కూడా మానలేదు. అది వచ్చేదాకా వాడు గేట్ అవతలే ఉండేవాడు. మీరు ఇప్పుడే మొదలుపెట్టండి, 34 కిలోలప్పుడు నేర్పడం వేరు, 70 కిలోలప్పుడు వేరు.

చిట్టి గుర్రుమంటే కసరొద్దని మీవారికి చెప్పండి, ఇది చాలా ముఖ్యం. "దగ్గరికి రాకు" అని చెప్పడానికి దానికున్న నోటిమాట అదొక్కటే. ఆ మాటకి తిట్లు పడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది, తర్వాత ఏ హెచ్చరికా లేకుండా పళ్లు దిగుతాయి. 3 కిలోల కుక్క 34 కిలోల కుక్క మొహం మీద కరిస్తే ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించండి. అది గుర్రుమన్నప్పుడు భీముణ్ణి ప్రేమగా పక్కకి పిలవండి, అంతే.

జవాబు 2

నేను వేరేగా అనుకుంటాను. కుక్కల మధ్య మనుషులు దూరకూడదు. ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది అవే తేల్చుకుంటాయి. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే వదిలేశాం, ఏమీ కాలేదు. ఇంత భయపడితే ఆ భయం కుక్కలకీ తెలిసిపోతుంది.

జవాబు 3 (ఒక చిన్న కుక్కని పోగొట్టుకున్నదాన్ని)

పై జవాబు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. రెండూ ఒకే సైజు అయితే తేల్చుకోవడం అన్న మాటకి ఏదో అర్థం ఉంటుందేమో. ఇక్కడ ఒకటి ఓడిపోవడం అంటే చనిపోవడమే.

మాది పెద్ద జాతి కుక్క, 55 కిలోలు, నాలుగేళ్లు మా చిన్నదానితో కలిసి పెరిగింది. ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని నిద్రపోయిన ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. ఒక సాయంత్రం రెండూ ఆడుకుంటున్నాయి, రోజూ ఆడుకునే ఆటే. చిన్నదాని కాలు కుర్చీలో ఇరుక్కుని గట్టిగా అరిచింది, గిలగిలా కొట్టుకుంది. పెద్దది వెళ్లి పట్టుకుని ఒక్కసారి విదిలించింది. మూడు సెకన్లు కూడా కాలేదు. నేను వంటగదిలో ఉన్నాను, పది అడుగుల దూరం.

అది కోపం కాదు, పగ కాదు. సన్నటి గొంతుతో అరుస్తూ కదిలేదాన్ని పట్టుకోవడం కుక్క రక్తంలో ఎక్కడో ఉంటుంది, ఆట ఉన్నట్టుండి వేటగా మారిపోతుంది. తర్వాత అదే కుక్క నా దగ్గరికి వచ్చి తోక ఊపింది, దానికేం తెలియదు. దాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదు, దాని తప్పు అనుకోలేదు. ఇంకెప్పుడూ చిన్న కుక్కని మాత్రం తెచ్చుకోలేదు.

మీ ప్రశ్నలో నాకు వణుకు పుట్టించిన మాట పంజా వేయడం గురించి కాదమ్మా. అరిచి పారిపోతుంటే వీడు వెంటపడ్డాడు అన్నారే, అది. అలా అరుపు వినగానే ఆగిపోయే పిల్లలు కొందరుంటారు, ఇంకా ఉత్సాహం పెరిగేవాళ్లు కొందరుంటారు. మీవాడు రెండో రకం కావచ్చు. ఒళ్లు బిగుసుకుని, నోరు మూసుకుని, కళ్లు ఆర్పకుండా చిట్టి వైపే చూస్తూ నిలబడిపోతే అది ఆట కాదు, వెంటనే మధ్యలోకి వెళ్లి వాడి చూపు తప్పించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ చూడని ఒక్క నిమిషం కూడా వాళ్లని కలిపి ఉంచకండి. స్నానానికి వెళ్లినా, ఫోన్ ఎత్తినా, గేట్ వేసి వెళ్లండి.

జవాబు 4 (వెట్ క్లినిక్‌లో సహాయకుడిగా కొన్నేళ్లు పనిచేశాను)

పై అక్క రాసింది చదివి చాలా బాధేసింది. అలాంటి కేసులు నేను టేబుల్ మీద చూశాను కాబట్టి కొన్ని విషయాలు చెప్తాను.

పెద్ద కుక్క నోట్లో పడి బయటపడిన చిన్న కుక్కకి పైకి రెండు చిన్న గాట్లే కనిపిస్తాయి, ఇంట్లోవాళ్లు పసుపో ఆయింట్‌మెంటో రాసి రేపు చూద్దాం అనుకుంటారు. అలా చేయొద్దు. విదిలించినప్పుడు చర్మం కింద కండ చీలుతుంది, పక్కటెముకలు విరుగుతాయి, ఊపిరితిత్తికి దెబ్బ తగులుతుంది, పొట్ట లోపల రక్తం కారుతుంది. చిన్నది లేచి నడుస్తున్నా సరే, అప్పటికప్పుడే తీసుకెళ్లాలి. పగ్, షిత్జు లాంటి చప్పిడి మొహం జాతులకైతే పట్టుకున్న ఒత్తిడికి కనుగుడ్డే బయటికి వచ్చేస్తుంది. డాక్స్‌హుండ్‌కి వెన్ను డిస్క్ జారడం ఆ జాతికే ఉన్న బలహీనత, వెనక కాళ్లు ఈడుస్తున్నట్టు కనిపిస్తే గంటలు కూడా ఆగకూడదు.

పొరపాటున పెద్దది పట్టుకుంటే, చిన్నదాన్ని పట్టి లాగకండి. పట్టు ఉండగా లాగితే గాయం చీలిపోతుంది. పెద్దదాని వెనక వైపు నుంచి కాలర్ పట్టుకుని, తల అటూ ఇటూ విదిలించకుండా ఆపి, అది నోరు వదిలాకే వేరు చేయాలి. వాటి నోళ్ల మధ్య చెయ్యి పెట్టొద్దు. అలాగే భయమేసి చిట్టిని ఒక్కసారిగా చేతుల్లోకి ఎత్తుకోవడం కూడా మంచిది కాదు, పైకి వెళ్లేదాన్ని చూసి పెద్దది మీ మీదకే ఎగురుతుంది. మీరే మధ్యలో నిలబడి భీముణ్ణి వెనక్కి పంపడం మేలు.

కొట్లాట లేకుండా కూడా ప్రమాదాలు జరుగుతాయి. చిట్టి ఆడుకునే చిన్న బంతి భీముడి గొంతులో సరిగ్గా ఇరుక్కుంటుంది, ఊపిరాడదు. చిన్నవాటి బొమ్మలన్నీ గేట్ అవతలే ఉండాలి. తిండి కూడా వేరువేరు గదుల్లో, తలుపు వేసి పెట్టండి. పోటీ ఉందని డేన్ గబగబా మింగితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం పెరుగుతుంది, ఈ జాతిలో అది ఎక్కువ. పొట్ట బిగుసుకుని, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే అది అర్ధరాత్రి అయినా సరే పరుగెత్తాల్సిన పరిస్థితి. తిండి కలిసిపోకుండా చూసుకోవడానికి ఇంకో కారణం, భీముడికి పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండే పెట్టాలి, అందులో కాల్షియం లెక్క ప్రకారం ఉంటుంది. ఎముకలు గట్టిపడతాయని విడిగా కాల్షియం పోస్తే ఈ జాతిలో ఎముకలు వంకర అవుతాయి.

పురుగుల మందు, టిక్స్ మందు బరువు లెక్కన ఉంటాయి. పెద్ద కుక్క కోసం ఉన్న ట్యూబ్‌లోంచి నాలుగు చుక్కలు చిన్నదానికి వేసేవాళ్లని చూశాను. దయచేసి వద్దు, మోతాదు ఎక్కువై ఫిట్స్ వచ్చిన కుక్కలు ఉన్నాయి.

జవాబు 1 మళ్లీ

ఒకటి మర్చిపోయాను. బుట్ట మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగే బుట్ట, భీముడికి ఇప్పటి నుంచే అలవాటు చేయండి. నోరు తెరిచి వగర్చగలిగేది, నీళ్లు తాగగలిగేది అయ్యుండాలి, గుడ్డతో నోరు బిగించేది వద్దు. మొదట దాని లోపల ఇష్టమైన తిండి పెట్టి మూతి వాడంతట వాడే పెట్టేలా చేయండి. అది శిక్ష కాదు, మూడూ కలిసి తిరిగే సమయంలో మీకు గుండె నిబ్బరం. అయితే మజిల్ ఉన్నా పంజా, బరువు అలాగే ఉంటాయి, కాబట్టి గేట్ తీసేయొద్దు.

పడుకుని ఆడే అలవాటు ఉందేమో చూడండి. మా డేన్ నేల మీద వెల్లకిలా పడుకుని పగ్‌తో ఆడతాడు, అలా ఉన్నంతసేపు ఆడనిస్తాం, లేచి నిలబడ్డాడంటే ఆట బంద్. బన్నుతో పరుగుపందేలు మాత్రం అసలు వద్దు.

ప్రశ్న అడిగినదాన్ని

అందరికీ చాలా థాంక్స్. జవాబు 3 రాసిన అక్కా, మీరు అది మళ్లీ గుర్తు చేసుకుని నాకోసం రాశారు, చదివి నేనూ మావారూ చాలాసేపు మాట్లాడుకోలేదు. వెంటపడటం గురించి మీరు చెప్పేదాకా దాన్ని ఆటే అనుకున్నాను.

నిన్నటి నుంచి భీముడు హాల్‌లో, చిన్నవాళ్లు లోపల. ప్రస్తుతానికి మంచం పలకతో దారి మూశాం, చిన్న తలుపున్న గేట్ చేయించడానికి కొలతలు ఇచ్చాం. ప్రవర్తన నేర్పే ట్రైనర్‌ని ఒకసారి ఇంటికి రమ్మన్నాం, వాడు అరుపులకి ఎలా స్పందిస్తున్నాడో దూరం నుంచి, లీష్ మీద ఉంచి చూస్తామన్నారు. ఆయన ఏం చెప్తారో దాన్ని బట్టి కలిపి ఉంచే సమయం నిర్ణయిస్తాం, అసలు కలపొద్దంటే రెండు గదుల్లోనే పెంచుతాం, ఇవ్వడం మాత్రం లేదు.

పొద్దున చిట్టి గుర్రుమంటే మావారే భీముణ్ణి పిలిచి పక్కకి తీసుకెళ్లారు. అది కాసేపు అటే చూసి, చాలా రోజుల తర్వాత హాల్ మూల ఉన్న తన పాత దిండు దగ్గరికి వెళ్లి పడుకుంది. దిండుని ఇప్పుడు లోపలి గదిలోకి మార్చాను.