తెలుగు మాటల డేటాలో నకిలీ రికార్డింగులు: అసలువి పోకుండా ఎలా ఏరాలి?

కృష్ణవేణి

అందరికీ నమస్కారం. మాట విని తెలుగులో రాసిపెట్టే మోడల్ తయారుచేసే టీంలో పనిచేస్తున్నాను. జిల్లాల వారీగా మనుషుల సంభాషణలు రికార్డు చేయించే పని ఒక వెండర్‌కు ఇచ్చాం. గంటల లెక్కన డబ్బు. మొదటి విడత బాగానే ఉంది. రెండో విడత వినడం మొదలుపెట్టినప్పటి నుంచి అనుమానంగా ఉంది.

ఒక ఫైలు నెల్లూరు అని ఉంది, ఇంకోటి కరీంనగర్. మాట్లాడేవాళ్లు వేరు, విషయం వేరు. కానీ రెండింటి వెనకా ఫ్యాన్ చప్పుడు, రెండుసార్లు ఆటో హారన్, తర్వాత ఎవరో స్టీలు గిన్నె కింద పెట్టిన శబ్దం. అదే వరస, అదే ఎడం. ఇంకో ఫైల్లో ఆదిలాబాద్ పత్తి రైతు అట. "వాతావరణ మార్పుల కారణంగా దిగుబడి గణనీయంగా తగ్గింది" అంటాడు. అవతలాయన "నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అంటాడు. అక్కడ పత్తి పండించేవాళ్లు నాకు తెలుసు. "ఎకరానికి నాలుగు క్వింటాళ్లు గూడ రాలే" అంటారు.

అన్నీ కూర్చుని వినడం అయ్యే పని కాదు. ప్రోగ్రాంతో ఏరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది: నిజంగా మాట్లాడిన పెద్దవాళ్ల గొంతులు ఆ వడపోతలో పోకూడదు.

స్పెక్ట్రం

డీప్‌ఫేక్ గొంతుల్ని పట్టే మోడళ్లు ఉన్నాయి కదండీ. ఏఎస్‌వీస్పూఫ్ పోటీలు 2015 నుంచి నడుస్తున్నాయి, వాటిలో వచ్చిన మోడల్ ఏదైనా తీసుకుని అన్ని ఫైళ్ల మీదా నడపండి. అసలు గొంతు అనే స్కోరు తక్కువ వచ్చినవి తీసేస్తే సరి.

తెనాలి డీఎస్పీ

పై సలహాతో నాకు పేచీ ఉంది. ఆ పోటీల డేటా ప్రధానంగా ఇంగ్లిష్. చవక ఫోన్ పట్టుకుని రేకుల షెడ్డులో మాట్లాడిన మనిషిని కూడా నకిలీ అనేసే ప్రమాదం ఉంది. రాత విషయంలో ఇది ముందే చూశాం. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన వ్యాసాల్ని ఏఐ రాతను పట్టే సాధనాలకు ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవని అవి తేల్చాయి. అన్నీ మనుషులు రాసినవే. స్కోరు చూసి తీసేస్తే ముందు పోయేది మీరు కష్టపడి సంపాదించిన యాసే.

గొంతు సంగతి తర్వాత, ముందు వెనక చప్పుడు పట్టుకోండి. మాట లేని ముక్కల్ని విడదీసి, ఒక ఫైలుతో ఇంకో ఫైలుకు క్రాస్ కోరిలేషన్ చేయండి, అంటే ఒకదాని మీద ఇంకోదాన్ని జరుపుతూ ఎక్కడ అచ్చంగా సరిపోతాయో లెక్కకట్టడం. అదే హారన్, అదే గిన్నె, అదే ఎడంతో రెండు ఊళ్లలో వినిపించడం జరగదు. ఈ పరీక్షలో యాస వల్లో వయసు వల్లో ఎవరికీ అన్యాయం జరగదు, అందుకే ఇది మొదట చేయమంటున్నాను.

తర్వాత స్పెక్ట్రోగ్రాం, అంటే ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ. చాలా టీటీఎస్‌లు (రాతను చదివి వినిపించే ప్రోగ్రాంలు) 22.05 లేదా 24 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో గొంతు ఇస్తాయి, శబ్దం ఆ రేటులో సగం దాకానే ఉంటుంది. దాన్ని 48కి మార్చినా, గొంతు 11 లేదా 12 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అయితే ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మాట్లాడితే 4 లేదా 8 దగ్గరే ఆగుతుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను వేవ్ ఫైలుగా మార్చినా పైన ఖాళీగానే కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది తేడా: ఫ్యాన్ చప్పుడు 20 దాకా ఉండి, "స", "ష" పలికిన చోట కూడా గొంతు 12 దాటకపోతే, ఆ రెండూ ఒకే మైకులోకి వెళ్లినవి కావు. ఎవరో తర్వాత కలిపారు.

స్పీకర్ ఎంబెడింగ్స్ కూడా తీయండి, అంటే ఒక్కో గొంతు తీరును అంకెల వరసగా మార్చడం. దానికి ఈకాపా అనే మోడల్ సరిపోతుంది. వేరువేరు పేర్ల కింద ఒకే గొంతు ఉంటే దగ్గరదగ్గరగా గుంపు కడతాయి. అక్కాచెల్లెళ్ల గొంతులూ అలాగే దగ్గరగా వస్తాయి కాబట్టి అక్కడ చెవితో వినక తప్పదు.

అంకెలు పలికిన తీరు చూడండి. 1,250 రూపాయల్ని బజార్లో మనం "పన్నెండు వందల యాభై" అంటాం. టీటీఎస్ "వెయ్యి రెండు వందల యాభై" అని చదువుతుంది. మనుషులూ అలా అంటారు, కానీ ఒక విడతలో ఒక్కరు కూడా పన్నెండు వందలు అనకపోతే అనుమానించాలి.

కృష్ణవేణి

చాలా థాంక్స్ అండీ. గిన్నె చప్పుడు పద్ధతి పనిచేసింది. ఒకే నేపథ్యం చాలా జిల్లాల ఫైళ్ల కింద పరిచి ఉంది. స్పెక్ట్రం గారు చెప్పిన మోడల్ కూడా నడిపి చూశాను. అది నకిలీ అన్నవాటిలో శ్రీకాకుళం పెద్దావిడ ఒకరున్నారు. "ఏటి సెప్తాను బాబూ" అని మొదలుపెట్టి, మధ్యలో కోళ్లను అదిలించి, ఎక్కడ ఆపారో మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చారు. ఆ ఫైలును వదులుకునేది లేదు. ఇప్పుడు వెండర్‌తో ఏం మాట్లాడాలి? మూడో విడత వచ్చేస్తోంది.

పాలమూరు

నేను ఊళ్లలో తిరిగి రికార్డింగులు చేయించే పనిలో ఉన్నాను, అటు వైపు నుంచి చెప్తాను. గంటకింత అంటే కింద ఏజెంటు గంటలే తెస్తాడు. ఇది ఒక్క వెండర్ బుద్ధి కాదు. 2023లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ పరిశోధకులు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు డబ్బిచ్చి చేయించుకునే మెకానికల్ టర్క్ అనే సైట్‌లో సారాంశాలు రాసే పని ఇస్తే, 33 నుంచి 46 శాతం మంది ఏఐతో రాయించారని అంచనా వేశారు.

మీరు మనిషి లెక్కన డబ్బు కట్టండి, ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలకు మించి వద్దని రాయించండి. స్క్రిప్టు ఇవ్వొద్దు. ఊళ్లో సంత ఏ రోజు, బస్సు ఎక్కడ ఆగుతుంది, నిన్న ఏం వండారు, ఇలాంటివి అడిగిస్తే మాట దానంతటదే వస్తుంది. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు, "ఆఁ", "ఊఁ" అంటారు. వాటిని తప్పులని కొట్టేయొద్దని మీ చెకింగ్ టీంకు ముందే చెప్పండి. శుభ్రంగా లేదని అసలు రికార్డింగులు వెనక్కి పంపిస్తుంటే, ఏజెంటు శుభ్రమైన నకిలీవే తెస్తాడు.

మాట్లాడినవాళ్ల అనుమతి రికార్డింగు మొదట్లోనే వాళ్ల నోటితో చెప్పించండి, కొందరికి మీరే ఫోన్ చేస్తామని కూడా అడిగి ఒప్పించుకోండి. లాటరీ తీసి ఫోన్ చేయండి. చేస్తారని తెలిస్తేనే ఏజెంటు జాగ్రత్తపడతాడు. తేలిన నకిలీ ఫైళ్లను మాత్రం పారేయకండి, లేబుల్ పెట్టి విడిగా దాచండి. మూడో విడత వచ్చేలోగా మీ పరీక్షలు వాటిలో ఎన్నింటిని పడుతున్నాయో, మొదటి విడతలో ఎన్ని అసలువాటిని తప్పుపడుతున్నాయో రెండూ చూసుకోవచ్చు.